హగరి ఇసుకలో జీపు

ఉరవకొండలో టీ అడిగితే చక్కెర పాకం ఇస్తారు. దాన్ని ఇష్టంగా తాగే మనిషిని ఒక్కణ్నే చూశాను. చెడిపోయిన బండ్లను ట్రాక్టరుతో లాక్కొచ్చే మెకానిక్కు ఆయన. బండి కంటే ముందు బండిలో ఏముందో చూడటం ఆయన అలవాటు.

వాన పడిన మర్నాడు వేరుశనగ విత్తనాలు చేనికి తీసుకెళ్తుంటే, హగరి ఏటి ఇసుక మేటల్లో నా జీపు ఇరుసు విరిగింది. సాయంత్రానికి నేలలో పదును ఆరిపోతుంది. మా వైపు రెండో వాన మీద ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోరు.

ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్కు జీపు వైపు చూడనైనా లేదు. మూటలన్నీ తన ట్రాలీలోకి ఎత్తించాడు.

"అన్నా, జీపు?" అన్నాను.

"మీ నాయన చేన్లో విత్తే గొర్రు కట్టుకోని కాసుకోనుండాడు. ముందు విత్తనాలు పోనీ."

"అంతవరకు ఇది ఈడనే ఉండాల్నా?"

ఆయన ట్రాక్టరు కదిలించాడు.

"యాడికి పోతాదప్పా? పోయేదైతే నన్నెందుకు పిలిచినావు?"