గోడ దిగిన ఫార్మసిస్టు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, చిక్కడపల్లిలో మందుల షాపు నడపాలంటే ఇద్దరు ఫార్మసిస్టులు కావాల్సి వచ్చేది. ఒకరు గోడ మీద, ఒకరు కౌంటర్ వెనక. గోడ మీదివాళ్ళు డి.ఫార్మసీ చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, అద్దాల ఫ్రేములో బుద్ధిగా కూర్చునేవాళ్ళు. నెలనెలా సర్టిఫికెట్‌కు కిరాయి తీసుకోవడం తప్ప షాపు మొహం చూసేవాళ్ళు కాదు. కౌంటర్ వెనకవాళ్ళకు చదువు లేకపోయినా ధైర్యం ఉండేది. దగ్గన్నా దడన్నా ఒక తెల్ల గోళీ, ఒక పసుపుపచ్చ గోళీ, ఒక రెండు రంగుల క్యాప్సూల్ కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. జనం వాళ్ళనే డాక్టర్ సాబ్ అని పిలిచేవాళ్ళు. ఈ ఏర్పాటు షాపులవాళ్ళకు తెలుసు, తనిఖీకి వచ్చేవాళ్ళకు తెలుసు, చివరికి రోగులకు కూడా తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. రెండేళ్ళు చదివి పాసయ్యాను కాబట్టి ఊళ్ళో జబ్బులన్నీ నా కోసం వరసలో నిలబడి ఉంటాయనుకున్నాను.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. గల్లీ నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళు రాజుల పేర్లు బట్టీ పడుతుంటే నేను పాలిటెక్నిక్‌లో కల్వంలో మందులు నూరడం, ఆముదాన్ని నీళ్ళతో కలిసిపోయేదాకా చిలకడం, వేడి మందును అచ్చుల్లో పోసి ఆరబెట్టడం నేర్చుకున్నాను. (ఆ మూడింటిలో ఒక్కటీ ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు. అడిగిందల్లా కత్తెరతో స్ట్రిప్పు కోసి రెండు గోళీలు ఇమ్మనే.) పాసవగానే నాన్న స్నేహితుడు ఇంటికి వచ్చాడు. ఆయన్ని అందరూ కిరాణం కాక అనేవాళ్ళు. చిక్కడపల్లిలోనే, నారాయణగూడ వైపు ఆయనకు కిరాణా దుకాణం ఉండేది. దాన్ని సగానికి అడ్డుగోడ కట్టి ఏళ్ళ క్రితమే మందుల షాపు పెట్టాడు. అంతకుముందు ఆ గోడ మీదున్నాయన సర్కారు నౌకరీ వచ్చి తన ఫ్రేము తను తీసుకుపోయాడు. గోడ ఖాళీ అయింది. కాక చాయ్ తాగి తన బాధ చెప్పుకున్నాడు.

"బియ్యం అమ్మనీకె ఎవడు కాయితం అడగలె. గోళీలు అమ్మనీకె అడుగుతున్నరు. గోళీ ఏమన్న బియ్యం కంటె ఎక్కువ తింటరా?"

నాన్న తలూపాడు. సర్టిఫికెట్ కవర్లో పెట్టి ఇస్తూ, రేపు ఎన్నింటికి రావాలి కాకా అని అడిగాను. అడగకూడని మాటేదో అడిగినట్టు ఆయన నాన్న వైపు చూశాడు. "నువ్వెందుకు బిడ్డ పరేషాన్ అయితవ్? కాయితం వస్తున్నది గద," అన్నాడు.

కాయితం వెనకే నేనూ వెళ్ళాను. వారం తర్వాత, శుక్రవారం నాడు, ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని షాపు మెట్లెక్కాను. ఎదురుగా గోడ మీద వెంకటేశ్వరస్వామి, ఆయన పక్కన పోయిన కాకవాళ్ళ నాయన, ఆయన పక్కన నేను. ముగ్గురికీ బంతిపూల దండలు. ముగ్గురి ముందూ ఊదుబత్తీలు. అన్నం పెట్టే ఫ్రేములన్నిటికీ శుక్రవారం దండ వెయ్యడం కాకకు అలవాటట. పైగా ఆ ఫోటో నాది కూడా కాదనిపించేది. అది నారాయణగూడ స్టూడియోలో పెళ్ళి సంబంధాల కోసం తీయించింది. ఒకే ఖర్చుతో రెండు పనులవుతాయని అమ్మ దాన్నే సర్టిఫికెట్‌కీ పంపించింది. స్టూడియోవాడు శ్రద్ధగా నా పుట్టుమచ్చ తీసేసి, రంగు అద్ది, కనుబొమ్మలు దిద్ది, నా స్థానంలో ఎవరో ముచ్చటైన అమ్మాయిని కూర్చోబెట్టాడు. మొదటి గంటలోనే ఒకాయన గోడ వైపు చూసి, "పాపం, చిన్న వయసు," అని నాతోనే అన్నాడు.

కౌంటర్ వెనక ఉన్నది డాక్టరన్న. హైదర్‌గూడలో ఒక డాక్టర్ దగ్గర టోకెన్ నంబర్లు పిలిచే పని చేసేవాడు. పిలుస్తూ పిలుస్తూ వైద్యం ఒంటబట్టిందని ఆయన నమ్మకం. మనిషి మంచివాడే. నాకు స్టూలు వేసి, "నువ్వు గీడ కూసో చెల్లె, ఫ్యాన్ గాలి మంచిగొస్తది," అన్నాడు. నేను కూర్చుంటానా? ఆ వయసులో నాకు తెలిసినదంతా ఎదుటివాడికి చెప్పకపోతే అజీర్తి చేసేది. తలనొప్పి గోళీ కోసం వచ్చినవాళ్ళకు కాలేయం పని తీరు వివరించాను. పాలతో ఏది వేసుకోవాలో ఏది కూడదో బస్సు అందుకోవాలని పరుగెత్తేవాళ్ళను ఆపి మరీ చెప్పాను. డాక్టర్ రాసిన చిట్టి లేనిదే ఇవ్వకూడని మందులన్నీ ఒక డబ్బాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. గిరాకీ మెల్లగా రోడ్డు దాటి ఎదుటి షాపుకు పోసాగింది.

అందరికంటే ఎక్కువగా నాతో కొట్లాడింది ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక పెద్దమ్మ. ఆమె మోకాళ్ళ నొప్పులకు డాక్టరన్న ఎప్పటినుంచో ఒక చిన్న గోళీ ఇస్తున్నాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది, నిజమే. కానీ అది ఒళ్ళు ఉబ్బించి లోపల ఎముకలు గుల్ల చేసే మందు. ఆమె మొహం అప్పటికే ఉబ్బి గుండ్రంగా అయింది. మందు ఒంటబట్టి బొద్దుగా అయ్యానని ఆమె సంబరం. ఒక్కసారిగా మానినా ప్రమాదమే, డాక్టర్ దగ్గరికి వెళ్ళి మెల్లగా తగ్గించుకోవాలని నేను రోజూ చెప్పేదాన్ని. ఆమె రోజూ నన్ను తిట్టి, ఎదుటి షాపులో కొనుక్కుని పోయేది.

ఒకరోజు కాక నన్ను కిరాణా వైపు పిలిచి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టాడు. "ఒక మాట చెప్త, ఇను బిడ్డ. కిరాయి పెంచుత. నువ్వు ఇంట్ల ఉండు." నా జీవితంలో మొదటి ఇంక్రిమెంట్ అది, పనికి రాకుండా ఉన్నందుకు. ఒప్పుకోనన్నాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "గట్లయితె సోమారం సంది నీ కాయితం నువ్వు తీస్కపో." ఇంటికెళ్ళి చెప్తే నాన్న, "కూసుండవెట్టి పైసలిస్తనంటె ఏడుస్తవేందే?" అన్నాడు. నిజంగానే ఏడ్చాను. హిమాయత్‌నగర్‌లో షాపు షాపూ తిరిగి అడిగితే అందరూ సర్టిఫికెట్ చూసి సంతోషించారు, నేను కూడా వస్తానంటే భయపడ్డారు. గోడ మీద ఉండటమో, ఇంట్లో ఉండటమో. కౌంటర్ దగ్గర మాత్రం నాకు చోటు లేదు.

ఆఖరిదనుకున్న శుక్రవారం మధ్యాహ్నం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఫార్మసిస్టు ఎక్కడండీ?" అని అడిగాడు. నేను కౌంటర్ వెనక తెల్లకోటుతో ఆయనకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. కాక తడుముకోకుండా, "ఇప్పుడే తిననీకె పోయింది సార్," అన్నాడు. "పది నిమిషాలల్ల వస్తది సార్," అని డాక్టరన్న అందుకున్నాడు. ఏళ్ళ తరబడి ఎవరు అడిగినా చెప్పిన మాట కదా, నోటికి అదే వచ్చింది. అన్నాక ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. వాళ్ళ మొహాలు వాడిపోయాయి.

"నేనే సార్ ఫార్మసిస్టుని," అన్నాను. ఆయన నన్ను చూశాడు, గోడ మీది ముచ్చటైన అమ్మాయిని చూశాడు, బంతిపూల దండ చూశాడు.

"ఈ అమ్మాయికి మీరేమవుతారు?"

"ఆ అమ్మాయే నేను సార్."

"ఫోటోకి దండ ఉంది."

"శుక్రవారం శుక్రవారం వేస్తారు సార్."

ఆయన కాక వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఏమయ్యా, చనిపోయిన అమ్మాయి సర్టిఫికెట్ మీద షాపు నడుపుతున్నావా?"

"అయ్యయ్యో, బతికే ఉన్నది సార్," అన్నాడు కాక. "తిననీకె పోయింది."

నన్ను పరీక్షించండి అన్నాను. ఆయన అడిగాడు. మోతాదులు, నిల్వ చేసే పద్ధతులు, చట్టంలో ఏ మందు ఏ పట్టికలోకి వస్తుందో అన్నీ చెప్పాను. ఎంత చెప్తే అంత అనుమానం పెరిగింది ఆయనకు. "ఎవరో బాగా నేర్పించి నిలబెట్టారు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు జవాబు చెప్పిన ఫార్మసిస్టు లేడు. అసలు కనపడ్డవాడే లేడు," అన్నాడు. ఇంటికెళ్ళి మార్కుల మెమో తెస్తానన్నాను. "కాగితం గోడ మీద ఉంది కదమ్మా. నేను అడుగుతున్నది మనిషిని." షాపు మూయిస్తానని, ఆ రిజిస్ట్రేషన్ రద్దుకు రాస్తానని చెప్పాడు. రద్దయితే ఇక నాకు గోడ కూడా ఉండదు. బతికున్నట్టు ఎలా నిరూపించుకోవాలో రెండేళ్ళ చదువులో ఎక్కడా చెప్పలేదు.

అప్పుడు పెద్దమ్మ మెట్లెక్కింది. నన్ను చూసి, "ఇంక ఉన్నదా గీ పిల్ల?" అని కౌంటర్ మీద చెయ్యి చరిచింది. ఇన్‌స్పెక్టర్ ఏమైందమ్మా అన్నాడు. అడిగే మనిషి దొరికాడు కదా, ఆమె మొత్తం విప్పింది.

"గోళీ ఇయ్యది సార్. చిట్టి తెమ్మంటది. గా అన్న ఇస్తనన్న ఇయ్యనియ్యది. డబ్బకు తాళమేసి చెవి కోటు జేబుల పెట్టుకుంటది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"గీమె వచ్చిన కాడికెల్లి గిదే లొల్లి. నువ్వు పెద్దసార్‌వైతె ముందుగాల గీమెను ఎల్లగొట్టు."

ఆయన నా కోటు జేబు వైపు చూశాడు. తాళంచెవి తీసి చూపించాను. డబ్బా తెరిపించి చూశాడు. మూశాడు. "డబ్బులకు తెచ్చి నిలబెట్టిన మనిషైతే గిరాకీని వెనక్కి పంపదు," అన్నాడు తనలో తాను. తర్వాత కాకతో, ఆ దండ తియ్యమన్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఈ అమ్మాయి కౌంటర్ దగ్గర కనపడకపోతే భోజనం కబుర్లు విననని, తాళం వేసి పోతానని చెప్పాడు. పెద్దమ్మతో పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. ఆమె ఆయన్ని కూడా తిట్టుకుంటూ మెట్లు దిగింది. (వారం పోయాక చిట్టి తెచ్చి నా మీదికి విసిరింది. ఆ చిట్టీని నేను పరీక్ష పేపరులా రెండుసార్లు చదివాను.)

కాక స్టూలెక్కి దండ తీశాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని వాళ్ళ నాయన దండ మీదే వేశాడు. నా మొహం చూడకుండా, "సోమారం పొద్దుగాల జల్ది రా బిడ్డ," అన్నాడు. నేను ఇంటికి నడవలేదు, దాదాపు పరుగెత్తాను.

అలా పోరాడి గెలుచుకున్నది ఏమిటయ్యా అంటే, పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే హక్కు. నా తోటివాళ్ళంతా గోడల మీద హాయిగా ఉండి ఇంట్లో కాళ్ళు చాపుకున్నారు, నాకు పిక్కల్లో నరాలు తేలాయి. ఇప్పుడు షాపులో కంప్యూటర్ ఉంది. నాకంటే ఎన్నో ఏళ్ళు ఎక్కువ చదివిన పిల్లలు వచ్చి నా పక్కన నిలబడి, మీరు వట్టి డిప్లొమాయేనా మేడమ్ అని మర్యాదగా అడుగుతారు. అవునమ్మా, వట్టిదే అంటాను. కానీ ఎవరైనా మెట్లెక్కి "ఫార్మసిస్టు ఉన్నారా?" అంటే, పక్కవాళ్ళు నోరు తెరిచేలోపే నా చెయ్యి బళ్ళో పిల్లలా పైకి లేస్తుంది. వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎదురుగా నిలబడి ఉండగానే తినడానికి పోయిందనిపించుకున్న ఆ పిల్ల భయం నాకు తెలుసు.