నాచుగింజల వయసు

యాడికి అనే ఊరి దగ్గర మా చేనిలో నాయన నీటిగుంట తవ్విస్తుంటే అడుగున నల్లటి బురద పొర బయటపడింది. అందులో కుండపెంకులు, కాలిన పుల్లల బొగ్గు, నీటిలో పెరిగే నాచుమొక్క కాసే ఆవగింజంత గింజలు ఉన్నాయి. పురావస్తు తవ్వకాల్లో పనిచేసే కూతురిని కాబట్టి మొదట నాకే ఫోన్ చేశాడు. మా బృందాన్ని వెంటబెట్టుకొని సంబరంగా వెళ్ళాను.

గింజల్ని కార్బన్ డేటింగుకు పంపితే వయసు వేల ఏళ్ళని వచ్చింది. అంత పాతదైతే చేనిని ప్రభుత్వం తీసుకొని కంచె వేయాల్సిందేనన్నారు పై అధికారులు. సంగతి తేలేదాకా దున్నవద్దని నాయనకు చెప్పి వెళ్ళారు. మాకున్నది ఆ ఒక్క చేనే.

ఆ వయసును నేను నమ్మలేదు. నేల మీది మొక్క గాలిలోని కార్బన్ తీసుకుంటుంది. చచ్చాక అందులో ఒక రకం కార్బన్ కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ఆ తరుగును బట్టే వయసు కడతాం. నీళ్ళలో మునిగి పెరిగే నాచుకు ఆ గాలి సరిగా అందదు, నీళ్ళలో కరిగి ఉన్నదే దాని తిండి. మా ఊరి కిందంతా సున్నపురాయి. నీళ్ళు కాచే అండాలో తెల్లపొర పేరుకుంటే అమ్మ రాయితో కొట్టి ఊడదీస్తుంది. నీళ్ళలో కరిగే ఆ సున్నపురాతిలోని కార్బన్ తరుగు ఏనాడో పూర్తయింది. దాన్ని తిన్న నాచు లేతదైనా లెక్కలో ముసలిదే.

ఇదంతా చెబితే మా బృందంలో పెద్దాయన నవ్వి, "మీ నాన్నగారి పొలం కాకపోయినా ఇలాగే అనేదానివా అమ్మా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ బస్సులో తిరిగి వస్తుంటే అదే ప్రశ్న నన్ను పట్టుకుంది. నిజమని నమ్ముతున్నానా, చేను పోకూడదని నమ్ముతున్నానా? నా మీద నాకే భయం వేసింది. చివరికి పోట్లాడి, అదే పొరలోని బొగ్గును పంపించాను. అది గట్టు మీద పెరిగిన చెట్టు సన్నపుల్ల, గాలి పీల్చిందే.

జవాబు రాకముందే వాన వచ్చింది. మా దగ్గర నేల తడిసి విత్తే పదునైతే ఆగడానికి లేదు. నాలుగు ఎండలు కాస్తే నేల బిగుసుకుపోతుంది, ఆ ఏడు ఇక అంతే. పైగా ఇంట్లో విత్తనాల శెనక్కాయలు ఒలిచేశారు. ఒలిచిన గింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు.

"ఊర్లో అందురూ ఇత్తేకి గొర్రు కట్టినారమ్మా. ఆ బొగ్గు ఏమన్నా చెప్పిందా?" అన్నాడు నాయన.

"ఇంకా లేదు నాయనా."

"చేను మనకు మిగుల్తాదా, లేదా? మిగిలేదైతే ఇత్తుతా. లేదంటే ఈ గింజలు ఎవురికన్నా ఇచ్చేస్తా, వాళ్ళన్నా ఇత్తుకుంటారు."

విత్తాక బొగ్గు కూడా వేల ఏళ్ళదని తేలితే నాయన మీద కేసు. వద్దంటే ఏడాది పంట పోయినట్టే. వాకిట్లో జల్లెడ నిండా ఎర్రటి గింజలు. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఇత్తు నాయనా, గుంట చుట్టూ కొంచెం ఇడిసిపెట్టి" అన్నాను.

ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా బొగ్గు జవాబేమోనని ఉలిక్కిపడేదాన్ని. మొలకలు వచ్చాయని అమ్మ చెబితే ఏడుపొచ్చింది. చేను పచ్చబడేకొద్దీ నా భయం పెరిగింది.

జవాబు వచ్చిననాడు చేనిలోనే ఉన్నాను. బొగ్గు వయసు వేలల్లో లేదు, వందల్లోనే ఉంది. కంచె మాట ఇక లేదన్నారు. ఉన్నచోటే సాలులో కూర్చుండిపోయాను.

కలుపు తీస్తున్న నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. సంగతి చెప్పాను.

"నువ్వు ఇత్తమన్న పొద్దు నీ చేతులు వణుకుతాండె. చూసినా."

"చూసి కూడా ఎట్ల ఇత్తితివి నాయనా?"

"అంత బయపడతా గూడా ఇత్తమంటివే. అబద్దమైతే అంత బయంలో నీ నోట రాదులే అనుకొంటి."