ఊరంతా ఒక్క మాట చెప్పిన పుస్తకం

మైదా ఉడుకుతున్నప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే ఆ జిగురుకి ఒక వాసన వస్తుంది. పిండి వాసనే, కానీ దానికింద తడిసిన రాగి చెంబు వాసన లాంటిది ఇంకొకటి ఉంటుంది. మొన్న బొబ్బిలిలో మా స్కూల్లో సైన్సు ప్రదర్శనకి అట్టలు అతికించాలని ఆయా స్టవ్వు మీద జిగురు కాచింది. "మైలుతుత్తం ఏసేనమ్మా, పురుగు పట్టదు" అంది. నేను పాఠం మధ్యలో ఆపేసి వచ్చి ఆ గిన్నె దగ్గర నిలబడిపోయాను. పిల్లలు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. అది విజయనగరంలో గంటస్తంభం దగ్గర అన్నపూర్ణ పిన్ని కొట్టు వాసన. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఆ కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

పిన్ని అంటే నాకు చుట్టం కాదు. వ్యాపారస్తుల ఇంటి కోడలు. భర్త పోయాక కొట్టు తనే నడిపింది. ముందు గదిలో పెన్నులు, కాగితాలు, వెనక గదిలో అద్దె పుస్తకాలు. కొత్త పుస్తకం వస్తే ముందు దానికి ఖాకీ అట్ట వేసి, వెన్నుకి గుడ్డ అతికించాకే బయటికి వదిలేది. మరెవరి చేతా వేయించేది కాదు. ఆ కొట్టుకో నియమం ఉండేది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుని అభిప్రాయం చెప్పాలి. చెప్పకపోతే ఇంకో పుస్తకం ఇవ్వదు. ఎంత పెద్దమనిషైనా సరే, స్టూలు ఎక్కాల్సిందే.

నేను మొదటిసారి ఆ స్టూలు ఎక్కింది ఇంటర్ చదివే రోజుల్లో. "బాగుంది పిన్నీ" అని లేవబోయాను.

"బాగుందంటే ఏటే? వంకాయ కూరా బాగుంటాది. ఇందులో నీకేటి తగిలిందో అది సెప్పు."

కొంచెం తడబడి, కథలో మనస్తత్వ చిత్రణ గొప్పగా ఉందన్నాను. పిన్ని పకపకా నవ్వింది. "అది నిన్న కుమారి టీచరు సెప్పిన మాట. నువ్వు ఆ మూల నిలబడి విన్నావు కదా! నీది సెప్పు." నాది అంటూ ఏమీ లేదని అప్పుడే నాకు తెలిసింది. ఉక్రోషంతో ఇంటికెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ చదివాను. మర్నాడు వెళ్ళి, కథలో ఆ పెద్దకొడుకంటే నాకు అసహ్యం వేసిందన్నాను. "ఎందుకేటి?" అని పిన్ని ముందుకు వంగింది. ఆ వంగడం కోసం తర్వాత ఎన్ని పుస్తకాలు చదివానో.

నేను డిగ్రీకి వచ్చేసరికి పిన్నికి కళ్ళలో నీటికాసులు ముదిరిపోయాయి. మనుషులు నీడల్లా కనబడేవారు, అక్షరాలు బొత్తిగా పోయాయి. అయినా కొట్టు మూయలేదు. పుస్తకాల వెన్ను తడిమి ఏది ఏదో చెప్పేసేది. మా అభిప్రాయాలే ఇక ఆవిడ చదువు. ఇద్దరి మాటా ముగ్గురి మాటా విని, వాటిలోంచి పుస్తకాన్ని తన మనసులో కట్టుకునేది. చదివి వినిపిస్తానని నేనడిగితే ఒప్పుకోలేదు. "సదివి వినిపిస్తే నోరు మూసుకుని వినాల. అభిప్రాయమైతే దెబ్బలాడొచ్చు" అంది. దెబ్బలాటలకి అక్కడ కొదవ లేదు. రిటైరైన రైల్వే గార్డు సన్యాసిరావు గారికి ఏ పుస్తకమూ నచ్చేది కాదు. కుమారి టీచరుకి నచ్చని పుస్తకం లేదు. వాళ్ళిద్దరూ ఒక విషయం మీద ఒక్క మాటన్నట్టు ఎవరూ వినలేదు.

ఆ రోజుల్లోనే టీవీలో ఆదివారం పొద్దున్న 'తొమ్మిదో కక్ష్య' అని అంతరిక్షం సీరియల్ వచ్చేది. మేఘన అనే ఇంజినీరు శనిగ్రహం అవతల పాడైపోయిన నౌకలో ఒంటరిగా మిగిలి, భూమికి తిరిగి రావాలని తంటాలు పడుతూ ఉంటుంది. పిన్ని కొట్లో చిన్న టీవీ పెట్టించింది. మేమంతా చుట్టూ చేరేవాళ్ళం. మాటలు లేని చోటల్లా "ఇప్పుడేటి సూపిస్తన్నాడు?" అని అడిగేది. "చీకటి పిన్నీ, నక్షత్రాలు" అంటే, "నాకూ అదే కనిపిస్తన్నాది" అని నవ్వేది. మాకు నవ్వొచ్చేది కాదు.

సీరియల్ కాస్తా కథ తేలకుండానే ఆగిపోయింది. ఛానల్ వాళ్ళు చెప్పాపెట్టకుండా ఆ వేళకి వంటల కార్యక్రమం పెట్టేశారు. సన్యాసిరావు గారు ఆ టీవీని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కొన్నాళ్ళకి ఆ కథే నవలగా వస్తోందని, ముగింపు అందులో ఉంటుందని తెలిసింది. అప్పుడే పిన్నికి విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ కుదిరింది. ఉన్న కాస్త చూపు నిలబెట్టడానికే తప్ప పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. పిన్ని అది విననట్టే ఊరుకుంది. ప్రయాణమయ్యే రోజు మా అందరి ముందూ పందెం కాసినట్టుగా అంది: "ఆ మేఘన ఇంటికొచ్చీసిందనుకోండి, నా సూపూ వచ్చీస్తాది. సూడండి." నవ్వుతూనే అంది కానీ, చేతిలో చీర కొంగు నలిపేస్తోంది.

ఆవిడ కంటికి కట్టుతో తిరిగొచ్చిన వారమే నవల వచ్చింది. ఒక్కటే ప్రతి. పిన్ని తడుముకుంటూ తనే జిగురు రాసి అట్ట వేసింది. వరసలో ముందు సన్యాసిరావు గారు, తర్వాత కుమారి టీచరు, గరివిడి నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు, అందరికన్నా చివర నేను. సన్యాసిరావు గారు పుస్తకం తెచ్చి స్టూలెక్కి, "వచ్చీసిందమ్మా! బెమ్మాండంగా వచ్చీసింది. వాళ్ళమ్మ గుమ్మంలో ఎదురుసూస్తన్నాది" అన్నారు. ఆయన ఒక పుస్తకాన్ని మెచ్చుకోవడం నేను అదే మొదటిసారి వినడం. కుమారి టీచరు కూడా వచ్చేసిందనే చెప్పింది. గరివిడి వాళ్ళూ అదే మాట. పిన్ని ప్రతిసారీ "ఊ" అని మాత్రం అని, పుస్తకం తడిమి పక్కన పెట్టింది.

చివరికి నవల నా చేతికొచ్చింది. అందులో మేఘన ఇంటికి రాదు. నౌకలో మిగిలిన శక్తితో తనైనా తిరిగి రావచ్చు, లేదా దారి తప్పిన వేరే నౌకల కోసం అక్కడ దీపమైనా వెలిగించి ఉంచవచ్చు. దీపమే వెలిగించి ఉండిపోతుంది. భూమి మీంచి రేడియోలో వచ్చే మాటలు వింటూ కూర్చోవడంతో కథ అయిపోతుంది. నేను ఏడ్చాను. మేఘన కోసం ఎంత ఏడ్చానో, పిన్ని కోసమూ అంతే ఏడ్చాను. మర్నాడు కొట్టు మెట్ల దగ్గరే సన్యాసిరావు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అమ్మాయ్, వచ్చీసిందనే సెప్పు. ఆవిడ పందెం నీకు తెలవదేటి?" ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

స్టూలు మీద కూర్చున్నాను. కట్టు విప్పి చాలా రోజులైనా పిన్నికి నేను ఎప్పటి నీడలాగే కనిపిస్తున్నానని ఆవిడ చూపు ఆగిన చోటు చూస్తేనే తెలుస్తోంది.

"నువ్వేటీ సెప్పకముందు నేనొకటి సెప్తాను" అంది పిన్ని. "ఇన్నేళ్ళలో ఏ పుస్తకం మీదైనా ఈ కొట్లో ఇద్దరు ఒక్క మాట సెప్పేరా? దీనికి మాత్రం ఊరంతా ఒక్కటే మాట. పైగా సన్యాసిరావు గారు ఆ మేఘన తల్లిని గుమ్మంలో నిలబెట్టీసినారు. ఆవిడ సీరియల్లో మొదటి వారమే పోనాది కదే!"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అది రాలేదు కదా?"

"రాలేదు పిన్నీ."

పిన్ని నా చేతిలోని పుస్తకం తీసుకుని వెన్ను తడిమింది. వీధిలో ఆటోల రొద. తర్వాత మెల్లిగా, "మరి ఏటి సేస్తన్నాదక్కడ?" అంది. దీపం సంగతి చెప్పాను. రేడియో సంగతి చెప్పాను. పిన్ని ఎప్పటిలాగే ముందుకు వంగింది.

"అందరి మాటలూ వింటా కూకుంటాదా?"

"అవును."

"నీకెలగనిపించింది?"

ఎన్నో మాటలు అనుకుని వచ్చాను. చివరికి "బాగుంది పిన్నీ" అని ఏడ్చేశాను.

పిన్ని నా తల నిమిరింది. "ఊ. ఈ ఒక్కదానికీ ఆ మాట సెల్లుతాదిలే" అంది. బయట మెట్ల మీదున్న సన్యాసిరావు గారిని కేకేసి, "లోపలికి రండి! ఇప్పుడు నిజం అభిప్రాయం సెప్పండి" అంది. ఆయన వచ్చి, అదేం ముగింపు, అంత చదువుకున్న పిల్లని అక్కడ వదిలేస్తారా అని అరవడం మొదలెట్టారు. కుమారి టీచరు వచ్చి, అంత గొప్ప ముగింపు తను చదవలేదంది. చీకటి పడేదాకా దెబ్బలాడుకున్నారు. పిన్ని మధ్యలో కూర్చుని ఇద్దరినీ ఎగదోసింది.

చూపు రాలేదు. పిన్ని మాత్రం పోయేదాకా ఆ కొట్లో కూర్చుంది.

ఇప్పుడు 'తొమ్మిదో కక్ష్య' మళ్ళీ కొత్తగా తీస్తున్నారట. నవల కూడా మళ్ళీ అచ్చయింది. ఫోన్లో దాని కింద జనం అభిప్రాయాలు రాస్తున్నారు. నక్షత్రాలు, బొటనవేళ్ళు, "సూపర్", "బాగుంది". మొన్న ఆ జిగురు వాసన తగిలాక నేనూ కూర్చుని మేఘన గురించి నాలుగు ముక్కలు టైపు చేశాను. ఇది నా మాటేనా, ఎవరి దగ్గరైనా విన్నదా అని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. మా తరగతిలో "బాగుంది టీచర్" అన్న పిల్లని ఇప్పటికీ కూర్చోనివ్వను, ఏమి తగిలిందో చెప్పమంటాను. చెప్తుంటే నాకు తెలియకుండానే ముందుకు వంగుతాను. కానీ నేను చెప్తే అలా వంగి వినే మనిషి లేదు. ఫోన్లో నా అభిప్రాయం కింద ఎవరో బొటనవేలు పెట్టి వెళ్ళిపోయారు. ఎవరైనా వచ్చి దెబ్బలాడతారేమోనని ఇంకా చూస్తున్నాను.