మా ఇంట్లో పులుపు బందైన నెల

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు నేను సూర్యాపేటలో మేనత్త ఇంట్లో ఉంటూ, బెజవాడ పత్రిక ఒకదానికి వార్తలు రాసి పంపేవాణ్ణి. వార్తలంటే పెద్దగా ఏమీ ఉండేవి కావు. అంగట్లో పల్లీలు తడిశాయనో, చిలుకూరు దారిలో బండి బోల్తాపడిందనో రాసేవాణ్ణి. ఆ కొలువు వల్ల నాకు పట్టిన మొదటి జబ్బు, శీర్షిక చూసి వార్తంతా తెలిసినట్టు మాట్లాడటం.

ఒకరోజు విస్తరి ముందు కూర్చుని ఇంగ్లీషు పత్రిక తిప్పుతూ, "మామా, రాచపుండు కణాలల్ల పులుపు పుడతదట. పరాయి దేశపోళ్లు కనుక్కున్నరు" అన్నాను. క్యాన్సర్ మీద రాసిన ఆ వార్తకింద ఇంకా రెండు పేరాలున్నాయి. ఈలోపు పప్పు వచ్చింది. పత్రిక మడిచేశాను.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకో నేను గమనించలేదు.

మర్నాడు పప్పులో చింతపండు లేదు. ఆ మర్నాడు అసలు చారే లేదు. మూడోనాటికి మజ్జిగ కూడా మాయమైంది. మామ బడిపంతులు, నోటి దురుసు మనిషి.

"ఏందే ఇది, బాలెంత పథ్యమా?"

"పులుపు బంద్. నోరు మూసుకొని తిను."

"నోరు మూసుకొని ఎట్ల తినాలెనే?"

అత్తమ్మ నవ్వలేదు. దీపం దగ్గరికి జరిగి నోరు తెరిచి చూపించింది. కుడి చెంప లోపల పుండు. నెల దాటినా మానలేదట. ఆమె తల్లి పోయింది చెంపలో రాచపుండుతోనే. మామ పులుపు లేని పప్పే కలుపుకొని తిన్నాడు.

తర్వాత ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని దిష్టినీళ్లు కలిపే ప్రతి ఆడమనిషికీ తెలుసు. సున్నం పులుపుకు విరుగుడు కాబట్టి, పసుపులో ముంచిన గుడ్డను ఎర్రగా మార్చేదే మంచి తిండి అని అత్తమ్మ తేల్చింది. అన్నం పెట్టినా, పాలు పోసినా గుడ్డ పచ్చగానే ఉంది.

"బాయి నీళ్లల్ల గూడ పులుపున్నదయ్యా!"

"బాయిని గూడ బంద్ జేస్తవా?" అన్నాడు మామ.

రోజూ పొద్దున్నే తన ఉమ్మిని ఆ గుడ్డకు అంటించి చూసుకునేది. పచ్చగానే ఉండేది. దాన్ని కడిగి ఆరేస్తున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి.

ఆదివారం మామ బడి పనని చెప్పి కోదాడలో చెల్లెలింటికి పోయి, గోంగూర, చేపల పులుసు కడుపారా తిని, కిళ్లీ నములుతూ తిరిగొచ్చాడు. అత్తమ్మ అనుమానంతో ఆయన నోటికీ గుడ్డ పెట్టింది. ఎర్రగా దిగింది.

"సూడు అల్లుడా, ఈయనకే రోగం లేదు!"

కిళ్లీ నమిలినవాడి ఉమ్మి ఎర్రగా కాక ఇంకెలా ఉంటుందని మాకు తోచలేదు. మామకు తోచినా చెప్పి ఉండడు.

అయితే సున్నమే మందని అత్తమ్మ పుండుకు సున్నం రాసుకుంది. మూడోనాటికి చెంప ఉబ్బి, మంచినీళ్లు కూడా దిగలేదు. అప్పుడు బలవంతాన బస్సెక్కించి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ కోస్తా మనిషి. అంతా విని, "ఈ పులుపు కథ ఎవరు చెప్పారండీ?" అంది.

మామ వెంటనే నావైపు వేలు చూపించాడు.

"ఆ పులుపు కణం తనే తయారుచేసుకుంటుంది బాబూ. మీ చింతపండుతో దానికి పనిలేదు."

నేను మడిచేసిన రెండు పేరాల్లో ఉన్నది ఇదేనని తర్వాత చూస్తే తెలిసింది. మిగతాది ఏళ్ల మీద చదివి తెలుసుకున్నాను. రాచపుండు కణం ఆ పులుపును లోపల ఉంచుకోదు, బయటికి తోసేస్తుంది. చుట్టుపక్కల మంచి కణాలు దానికి తాళలేక చస్తే, ఆ జాగాలోకి తను పెరుగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ముసలి మామ అన్నాడు: "గది రోగమెట్లయితది, మా ఊరి పటేలు గదరా! పెంటంత పక్కోని వాకిట్ల పోసి, వాడు ఇల్లిడిసి పోయినంక జాగ కలుపుకున్నడు."

డాక్టరమ్మ అత్తమ్మ నోట్లో వేలుపెట్టి తడిమింది. పక్క పన్ను విరిగి, దాని మొన చెంపకు గీసుకుంటోందట. పన్ను పీకేసింది. "సున్నం, పొగాకు ముట్టకండి. రెండు వారాల్లో మానాలి. మానకపోతే హైదరాబాదు పెద్దాసుపత్రికి పంపాలి."

అత్తమ్మ చెవిన పడింది 'మానకపోతే' ఒక్కటే. ఇంటికొచ్చాక నోరు ఎవరికీ చూపించలేదు. రెండోరోజు మామను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"అన్నం వార్చుడు నేర్చుకో."

"ఎందుకే?"

"ఊర్కెనే."

మామకు అర్థమైంది. ఆ రెండు వారాలూ ఆయన గంజితోపాటు సగం అన్నం కూడా పారబోశాడు. మొదట చేతకాక అనుకున్నాను. నాలుగోనాడు చూస్తే, కావాలనే గిన్నె వంచుతున్నాడు. ఇంత చేతగాని మొగుణ్ణి వదిలి ఆమె ఎక్కడికీ పోదని ఆయన నమ్మకం.

గడువు నాడు డాక్టరమ్మ చెంప సాగదీసి చూసింది, వేలితో నొక్కింది, మళ్లీ చూసింది. "మానిపోయిందమ్మా. వెళ్లిరండి."

అత్తమ్మ తలూపి బయటికొచ్చింది. బస్సు కదిలాక కొంగు ముఖానికి అడ్డంపెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఏడవని మనిషి. మామ కిటికీ వైపు తిరిగి కాసేపు పొలాలు చూశాడు. తర్వాత లేచి ముందుకు పోయి, బండిని గతుకుల్లో తోలుతున్నావంటూ డ్రైవరుతో తగువు పెట్టుకున్నాడు.

"రోడ్డు నేనేసిన్నా పంతులూ?" అన్నాడు డ్రైవరు.

"నువ్వెయ్యలే. జర మెల్లగ పోనియ్యి. మా ఇంటామె ఏడుస్తున్నది."