మామగారి సైకిలుకు అయిదు గేర్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సైకిలు మీద పోదలచిన వారికి ఉపయోగపడవచ్చునని ఈ అనుభవాన్ని రాస్తున్నాను. నాకు గౌరవం తెచ్చే అంశం ఇందులో ఒక్కటీ లేదు. మా మామగారు ఆళ్లగడ్డలో ఉంటూ, బస్సు పోని ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేస్తున్నారు. ఆరు మైళ్ల దారి, రోజూ సైకిలే ఆధారం. వేసవి సెలవుల్లో ఆయన తన బరువైన నల్ల సైకిలును మరమ్మతుకని నంద్యాలలో మా ఇంట్లో వదిలి, "సోమారం బడి తెరుస్తారు. ఆ లోపల తెచ్చియ్యి నాయనా. మోకాళ్లు ముందు మాదిరి లేవు" అని బస్సెక్కారు. ఆయన కోరినది కాస్త నూనె, కొత్త బ్రేకు రబ్బర్లు. సదరు ఆదేశాన్ని నేను విస్తృతార్థంలో గ్రహించాను.

విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో కొన్న గేర్ల రేసు సైకిలు ఒకటి నా దగ్గర ఉంది. దాని వెనక చక్రానికి ఉన్న అయిదు పళ్ల బిళ్లలను, గేరు మార్చే మీటను, సన్నని చైనును మామగారి సైకిలుకు అమరిస్తే ఆయన మోకాళ్లకు శాశ్వత ఉపశమనం లభించగలదని తీర్మానించాను. తీర్మానాన్ని ప్రతిపాదించినదీ, బలపరచినదీ నేనే. అయిదు బిళ్లలకు చోటు చాలకపోవడంతో వెనక ఫోర్కును వెడల్పు చేశాను. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం మందంగా ఉండి, రేసు చైను దాని మీద కూర్చోలేదు. అందువల్ల ఆకురాయి తీసుకుని ఆ పళ్లన్నింటినీ పలచగా అరగదీశాను. అరగదీసిన ఇనుము తిరిగి పెరగదన్న విషయం పరిశీలనకు రాలేదు.

ఆదివారం తెల్లవారకముందే నంద్యాల నుంచి బయలుదేరాను. ఎండాకాలంలో పోయేవారు ఎండ ముదరకముందే శిరివెళ్ల చేరడం మంచిది. రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. కొంచెం గట్టిగా తొక్కినప్పుడల్లా చైను జారేది, దిగి ఎక్కించేవాణ్ని. శిరివెళ్ల చేరేసరికి నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. టీ హోటలాయన చేతికి చెంబు అందిస్తూ సైకిలును చూశాడు.

"ఏందన్నా ఇది, సైకిలా, కుట్టు మిషనా? ఊరి బయట్నుంచే ఇనపడ్తాండాది."

"గేర్ల సైకిలు" అన్నాను.

"కొండలెక్కేదానికా?"

"ఆళ్లగడ్డకు పోయేదానికి."

ఆయన తూర్పున దూరంగా కనబడే నల్లమల వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూసి, "కొండ ఆ పక్కనుండాది గదన్నా" అని మరమరాల ఉగ్గాని పెట్టాడు. అక్కడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చవక, రుచికరం, తప్పక తినదగినవి.

శిరివెళ్ల దాటిన కాసేపటికే చైను తెగిపోయింది. చెయ్యెత్తితే బస్సు ఆగింది. కండక్టరు, "నీకు టికెట్టు, దానికి లగేజీ. పైకెక్కించేది మాత్రం నువ్వే" అన్నాడు. నిబంధన న్యాయమైనదే.

మా ప్రాంతంలో అల్లుణ్ని అత్తవారింట ఎవరూ తప్పుపట్టరు. అల్లుడు చెంబు పోగొడితే అది చెంబు తప్పు. మామగారు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, అరిగిన పళ్లను వేలితో తడిమి, "శానా కష్టపడినావు నాయనా" అన్నారు. సుత్తితో చైను అతికించి, వీధిలోకి తీసుకుపోయి ఎక్కారు. పదడుగులు పోకముందే పళ్ల మీద చైను జారింది. పెడలు గిర్రున తిరిగి, ఆయన మోకాలి మీద పడ్డారు.

ఎదురింటి అరుగు మీది ముసలాయన నవ్వాడు. "ఏం అయివారూ, సైకిలు తొక్కేది గూడ మర్సిపోయినావా?"

మామగారు లేచి పంచె దులుపుకున్నారు. "అవునప్పా. సెలవుల్లో అలవాటు తప్పింది."

నా వైపు ఎవరూ చూడలేదు. భోజనం దగ్గర అత్తగారు నా ఓళిగ మీద ఇంకొంచెం నెయ్యి పోశారు. నాలుగు రోజుల ముందే పుట్టింటికి వచ్చిన నా భార్యను పక్కకు పిలిచి, నువ్వయినా నన్ను ఒక మాట అనరాదా అని అడిగాను.

"మా నాయనే ఏమీ అనల్యా. నేనెందుకంటా? పోయి పండుకో."

ఆదివారం కావడంతో ఊళ్లో సైకిలు షాపులు తెరవలేదు. సోమవారం పొద్దున్నే మామగారు సంచీని హ్యాండిలుకు తగిలించి, సైకిలును నడిపించుకుంటూ బయలుదేరారు. కుడికాలు ఈడుస్తున్నారు.

"నడిచేపోతారు కదా, ఆ సైకిలెందుకు మామా?" అన్నాను.

"ఉత్తచేతుల్తో పోతే అడుగుతారు గదా నాయనా, సైకిలేమాయెనని. ఇదుంటే, దోవలో చైను పడిందంటా. సరిపోతాది."

ఆరు మైళ్లు ఆయన ఆ ఇనుమును తోసుకుపోయినది నా పేరు చెప్పవలసి రాకుండా ఉండేందుకే. నేను తొలి బస్సుకు నంద్యాల వచ్చి, ఇంట్లో విప్పి పెట్టిన పాత వెనక బిళ్లను తీసుకుని, కొత్త పళ్ల చక్రం, మందపాటి చైను కొని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి పోతూ ఇది రాస్తున్నాను. ఈ బస్సు బాగానే ఉంది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఆళ్లగడ్డలో దిగగానే అత్తగారు మళ్లీ మర్యాద చేస్తారన్న ఆలోచన తప్ప వేరే అసౌకర్యమేమీ లేదు.

ఇటువంటి పని తలపెట్టేవారికి ఒక సూచన. సన్నని చైను మందపాటి పళ్ల మీద కూర్చోకపోతే చక్రాన్ని మార్చాలి, పళ్లను ముట్టుకోకూడదు. అయినా ప్రయోగం చేసి తీరవలసిందేనంటే, మిమ్మల్ని నోరారా తిట్టగలిగినవారి సైకిలునే ఎంచుకోండి.