ఆఖరి బస్సులో కోరం

కరోనా తరవాత కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది అది. టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. ఇల్లు పలాసలో. రోజూ మోటారు సైకిల్ మీద హైవే పట్టుకుని వెళ్లి వచ్చేవాణ్ణి. పాఠాలు చెప్పడం కాక నాకు మరో పని కూడా ఉండేది. స్టూడెంట్ కౌన్సిల్‌కి నేను ఫ్యాకల్టీ అడ్వైజర్ని, అంటే విద్యార్థుల మండలికి సలహాలివ్వడానికి ప్రిన్సిపాల్ నియమించిన మాస్టారిని. నేనిచ్చిన సలహాలు తక్కువ, పెట్టిన అడ్డంకులు ఎక్కువ.

ఈ కౌన్సిల్ ఎలా ఏర్పడుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పోస్టర్లు అంటించి, ఊరేగింపులు తీసి ఓట్లేసుకునే పద్ధతి మా దగ్గర లేదు. ఒక్కో తరగతి తమలో ఒకరిని క్లాస్ రిప్రజెంటేటివ్‌గా ఎంచుకుంటుంది. ఆ ప్రతినిధులందరూ కలిస్తే కౌన్సిల్. వాళ్లలోంచి ఒకరు ప్రెసిడెంటు, ఒకరు సెక్రటరీ. ఆటలకు, లైబ్రరీకి, అమ్మాయిల ఇబ్బందులకు తలో కమిటీ. కౌన్సిల్ చేసిన తీర్మానం మీద అడ్వైజర్ సంతకం పెట్టి ప్రిన్సిపాల్‌కి పంపుతాడు. తన చేతిలో ఉన్నది ప్రిన్సిపాల్ చేస్తాడు, లేనిది యూనివర్సిటీకి రాస్తాడు.

దీనికి నియమావళి రాసే పని నా మీద పడింది. అందులో మూడు నిబంధనలు చాలా శ్రద్ధగా పెట్టాను. క్లాసులు జరిగే వేళ సమావేశం పెట్టకూడదు. కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, సభ్యుల్లో మూడింట రెండు వంతులు. అడ్వైజర్ మొదటి నుంచి చివరి దాకా ఉండాలి, ఆయన లేచి వెళితే సమావేశం ముగిసినట్టే. చదివితే ఎంతో క్రమశిక్షణగా ఉంటాయి. కానీ మా సభ్యుల్లో ఎక్కువమంది పలాస అవతల సముద్రం వైపున్న ఉద్దానం ఊళ్ల పిల్లలు. పలాస మీదుగా అక్కుపల్లి వెళ్లే ఆఖరి బస్సు మా క్లాసులు అవగానే బయల్దేరుతుంది. క్లాసుల వేళ కూడకూడదు, క్లాసులయ్యాక కూడలేరు. నాకది ముందే తెలుసు.

ప్రిన్సిపాల్ చదివి, "ఎంత ప్రజాస్వామికంగా రాశావయ్యా!" అని మెచ్చుకున్నారు. ప్రెసిడెంటునీ సెక్రటరీనీ ఎంచుకున్నాక కౌన్సిల్ ఒక్కసారి కూడా కూడలేదు. కాలేజీ ప్రశాంతంగా ఉంది.

ఇక లేబ్ సంగతి. బి.ఎస్సీ. రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ నేను మధ్యాహ్నం పెట్టుకున్నాను. అవి అయ్యేసరికి ఆఖరి బస్సు పోతుంది. ఎందుకలా అని ప్రిన్సిపాల్ అడిగితే, టైట్రేషన్‌లో, అంటే ఒక ద్రావణంలో మరొకటి చుక్కలు చుక్కలుగా కలిపి రంగు మారేది పట్టుకునే ప్రయోగంలో, మా లేబ్‌కున్న పడమటి కిటికీల వెలుతురు బాగా పనికొస్తుందని చెప్పాను. పిల్లలు అడిగితే, యూనివర్సిటీ టైంటేబుల్ అన్నాను. అసలు కారణం షటిల్. పలాసలో ఉదయం పూట నలుగురం మిత్రులం షటిల్ ఆడి, ఇడ్లీలు తిని, రాజకీయాలు మాట్లాడుకుని కదిలేసరికి పొద్దెక్కుతుంది.

నూకరత్నం ఆ రెండో సంవత్సరం పిల్ల, కౌన్సిల్ సెక్రటరీ. అక్కుపల్లిలో సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. దాదాపు ప్రతి ప్రాక్టికల్‌లోనూ సరిగ్గా రంగు మారే ముందు, చుక్కలు వదిలే బ్యూరెట్ గొట్టం విడిచిపెట్టి బస్సుకి పరిగెత్తేది. నేను ఆబ్సెంట్ వేసేవాణ్ణి. ప్రాక్టికల్ హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. లేబ్ అయ్యేదాకా ఉంటే పలాస నుంచి ఊరికి చీకట్లో ఆటో వెతుక్కోవాలి. అలా రెండుసార్లయ్యాక, ఈ నెలాఖరుకి ఇది తేలకపోతే చదువు మానిపిస్తానని తండ్రి చెప్పేశాడట. ఆ మాట ఆమె నాతో చెప్పింది కూడా. "యూనివర్సిటీతో మనమేం చేయగలమమ్మా," అని జాలిపడ్డాను.

అలాంటి రోజుల్లో, ప్రాక్టికల్స్ లేని ఒక సాయంత్రం నా బండి మెకానిక్ దగ్గరుండిపోయింది. ఆ ఆఖరి బస్సే ఎక్కాను.

"సారొచ్చినారు! జరగండ్రా, సార్ని కూకోనీండి!" అని కేకేశాడు ఢిల్లేశు. ఢిల్లేశ్వరరావు కౌన్సిల్ ప్రెసిడెంటు, మూడో సంవత్సరం, జీడితోటల రైతు కొడుకు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను ఇవతల కూర్చున్నాడు. మర్యాద అనుకున్నాను. బస్సు టెక్కలి దాటాక మెల్లగా అడిగాడు.

"సార్, మొదలెట్టీమంటారా?"

"ఏమిటి?"

"కౌన్సిల్ మీటింగండి. అడ్వైజరు ఉన్నారు. క్లాసు టైము కాదు. కోరమా, సూడండి." వెనక్కి తిరిగి, "సెయ్యెత్తండ్రా!" అన్నాడు. కడ్డీ పట్టుకుని వేలాడుతున్నవాళ్లతో సహా చేతులు లేచాయి. నా మూడింట రెండు వంతులూ దాటిపోయాయి.

"ఇది బస్సయ్యా!"

"మీటింగెక్కడెట్టాలో రూల్లో రాయనేదు సార్. నాలుగుసార్లు సదివినాం. మీ బండి ఎప్పుడాగిపోద్దా అని సూత్తన్నాం."

నా ముందు సీట్లో ఖాళీ చేపల తట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగింది. పేరు అప్పలమ్మట. "ఏటి గుంటడా, పంచాయితీయా?"

"అలాటిదేనే మామ్మా."

"అయితే గట్టిగా సెప్పండి. ఇనపడదు నాకు."

నూకరత్నం లేచి మొదటి అంశం చెప్పింది. కెమిస్ట్రీ లేబ్ ఉదయానికి మార్చాలి. తన పేరు ఎత్తకుండా, ఉద్దానం అమ్మాయిలందరి ఇబ్బందిగా చెప్పింది. ఎవరికి రాయాలన్నది చర్చ. యూనివర్సిటీ పెట్టిన టైము కాబట్టి వైస్ ఛాన్సలర్‌కే రాయాలన్నాడు ఢిల్లేశు. అవునంటే అవునన్నారంతా. నేను కిటికీలోంచి నందిగాం పొలాలు చూస్తున్నాను.

అప్పలమ్మ ఊరుకోలేదు. "ఆ టైమెట్టినోడికి ఇంట్లో ఆడపిల్లల్నేరేటి?"

నాకు ఇద్దరున్నారు.

"ఉండరే ఉండరు," అన్నాడు కండక్టరు, టిక్కెట్లు కొడుతూనే. "ఉన్నోడైతే ఇలగ సేత్తాడా? పొద్దున్న తొంగుంటాడు మామ్మా. అందుకే మద్దేనం ఎట్టించుకున్నాడు."

తొంగోవడం కాదు, షటిల్ అని లోలోపల సవరించుకున్నాను.

"ఆడి జిమ్మడిపోను! ఆడికి ఏ పూటకాపూట ఆకలెయ్యకుండా పోను!" అంది అప్పలమ్మ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని.

పలాస ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగేసరికి ఉత్తరం సిద్ధమైంది. ఢిల్లేశు పెన్ను అందించాడు. సంతకం పెట్టి దిగిపోవడమే. ఆ ఉత్తరం ప్రిన్సిపాల్ బల్ల మీద కొన్నాళ్లు, యూనివర్సిటీలో కొన్నాళ్లు నిద్రపోతుందని నాకు తెలుసు. ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్న విద్యల్లో అదొకటి. లేచి నిలబడ్డాను.

"జవాబు రావడానికి ఎన్నాల్లవుద్ది సార్?" అని అడిగింది నూకరత్నం.

"చూద్దామమ్మా. టైం పట్టొచ్చు."

"పరవానేదు సార్. నాకు అందకపోయినా, ఎనకాతలొచ్చే గుంటపిల్లలకి పనికొత్తాది."

ఆ మాట ఆమె ఏ ఎత్తిపొడుపూ లేకుండా అంది. నన్ను ఓదార్చడానికన్నట్టు అంది. పెన్ను నా చేతిలోనే ఉంది. మళ్లీ కూర్చున్నాను.

"ఉత్తరం అక్కర్లేదు. ఆ టైము పెట్టింది యూనివర్సిటీ కాదు. నేనే."

కండక్టరు విజిల్ నోటి దాకా తెచ్చి ఆపేశాడు.

"మరి యూనివర్సిటీ అన్నారు గద సార్?" అన్నాడు ఢిల్లేశు.

"అన్నాను. అబద్ధం. పొద్దున్న షటిల్ ఆడతాను. అందుకని."

అప్పలమ్మ నా మొహంలోకి తేరిపార చూసింది. "నువ్వేనేటి బావూ? ఓలమ్మ! ఇందాకటి తిట్లు మరి ఎనక్కి తీసుకోనేను. ఇచ్చీసినాను గదా."

"ఉంచుకుంటానమ్మా."

"మారుత్తావా మరి?"

"సోమవారం నుంచి."

"నూకరత్నం, రాసుకో," అన్నాడు ఢిల్లేశు. నేను ఆమె వైపు తిరిగి, బస్సు కోసం సగంలో వెళ్లిన రోజులన్నీ హాజరు కింద సరిచేసి, మిగిలిపోయిన ప్రయోగాలు మళ్లీ చేయిస్తానని చెప్పాను. ఆ పిల్ల తలూపి కిటికీ వైపు తిరిగిపోయింది. కాసేపటి దాకా ఇటు చూడలేదు.

ఈలోగా కండక్టరు "రైట్!" అన్నాడు, బస్సు కదిలింది. నేను దిగాలని మళ్లీ లేచాను.

"సార్, మీరు దిగితే మీటింగ్ అయిపోయినట్టే," అన్నాడు ఢిల్లేశు. "రెండో ఐటెమ్ ఉంది. తాగే నీళ్లు."

"ఎన్ని ఐటెములున్నాయయ్యా?"

"ఏడాదివి సార్."

పలాస వెనక్కిపోయింది. తాగే నీళ్లు, అమ్మాయిల వెయిటింగ్ రూము, లైబ్రరీ వేళలు, ఆటస్థలంలో ముళ్లకంప... జీడితోటలు, కొబ్బరితోటలు దాటుకుంటూ అన్నిటికీ సంతకాలు పెట్టాను. లైబ్రరీ విషయంలో ఇద్దరు సభ్యులు గట్టిగా వాదులాడుకుంటుంటే, కండక్టరు మధ్యలో దూరి రాజీ చేశాడు. అతని పేరు కూడా హాజరులో వేసేద్దామా అని ఎవరో అన్నారు.

అక్కుపల్లిలో నూకరత్నం తండ్రి కూతురి కోసం బండితో నిలబడి ఉన్నాడు. "మా కెమిస్ట్రీ సారు అయ్యా. సోమారం నుంచి పొద్దున్నే లేబు," అంది ఆమె.

"మంచిది. మరిన్నాల్లూ మద్దేనం ఎందుకెట్టినారు సారూ?"

ఒకే రోజు రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. చెప్పాను. ఆయన, "బండి నేదు గదా మీకు. పలాసలో దింపీమంటారా?" అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన బండి వెనక చేపల ట్రేకీ ఆయన వీపుకీ మధ్య ఇరుక్కుని ఇల్లు చేరాను.

మర్నాడు ప్రిన్సిపాల్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "మరి వెలుతురో?" అన్నారు.

"ఉదయం కూడా సూర్యుడు వస్తున్నాడు సార్. నేనే ఇన్నాళ్లూ చూసుకోలేదు."

ఆయన మందలించారు, కానీ లేబ్ మార్పుకి ఒప్పుకున్నారు. తీర్మానాల్లో కొన్ని చేశారు, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. షటిల్ మిత్రులు నా చోట ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుని చేర్చుకున్నారు. నాకంటే బాగా ఆడతాడట. నూకరత్నం ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్ష రాసింది, ఆ పైఏడాది డిగ్రీ పూర్తిచేసింది.

ఇప్పుడు అప్పుడప్పుడు వేరే కాలేజీలవాళ్లు కౌన్సిల్ ఎలా ఏర్పాటు చేయాలో చెప్పమని అడుగుతుంటారు. ప్రెసిడెంటు, సెక్రటరీ, కమిటీలు ఎవరైనా రాసుకోవచ్చంటాను. ఆ పిల్లలు ఏ వేళకి, ఎక్కడ నిజంగా కూడగలరో ముందు చూడమంటాను. నిర్ణయం చేసే మనిషి ఆ చోట కూర్చుని తన గురించి అనే మాటలు వినాలంటాను. ఎందుకని అడిగితే ఈ కథ చెప్తాను. ఆ సాయంత్రం నేను పలాసలో దిగిపోయి ఉంటే నాకు చెడ్డపేరేమీ వచ్చేది కాదు. ఒక పిల్ల చదువు ఆగిపోయేది. అందరూ యూనివర్సిటీని తిట్టుకునేవారు. రోజూ పొద్దున్న నాకు నమస్కారం పెడుతూనే ఉండేవారు.