నర్సింహ కోట్ల గోస

హైదరాబాద్ కోకాపేటల కోట్లంటే ఎవరికైనా భూముల ధరలే యాదికొస్తయ్. నర్సింహకు మాత్రం ఆ మాట వినవడితే చాలు, తన కోడే యాదికొస్తది. ఆయన కోట్లు వేరే. PHP అనే కంప్యూటర్ భాషల కోడ్ రాస్తుంటే మాటల చుట్టు పెట్టే కొటేషన్ గుర్తులు: ఒంటియి సింగిల్ కోట్లు, జంటయి డబుల్ కోట్లు.

ఆ పక్కనే పుప్పాలగూడ మనిషి. తొమ్మిదేండ్లు ఆఫీసు క్యాబ్ తోలిండు. నలభై దగ్గరపడంగ కోడింగ్ నేర్సుకొని, అదే క్యాబుల కంపెనీల ప్రోగ్రామర్ కుర్చీల కూసున్నడు. మూడు నెలలు చూస్తమన్నరు. ఇయ్యాలతోని గడువు అయిపోతది. ఉంచుతరో, పంపుతరో.

పొద్దుగాల ఏడింటికి పాత దోస్తు, డ్రైవర్ పెద్దన్న ఫోన్ చేసిండు. "ఏందిర నర్సింహా గిది? ఆఫీసుకు పోయే అమ్మాయిలు బండెక్కుతలేరు. వాళ్ల ఫోన్ల డ్రైవర్ పేరు $peru అని వచ్చిందట. నేనే డ్రైవర్నని ఎంత చెప్పినా నమ్ముతలేరు."

నమ్మరు మరి. మెసేజ్‌ల ఉన్న పేరు, డ్రైవర్ చెప్పే పేరు ఒకటైతేనే ఆడపిల్లలు డోర్ తీస్తరు. తొమ్మిదేండ్లు ఆ రూల్ పాటించినోడే ఇప్పుడు ఈ నిర్వాకం చేసిండు.

వెంటనే ఆఫీసుల తన సీట్ల కూసొని కోడ్ తెరిచిండు. పని నేర్పే సీనియర్ రోహిణి పక్క సీట్లకెల్లి తొంగి చూసింది. "అన్నా, డేటాబేస్‌కు పేరు పంపే క్వెరీ చుట్టు సింగిల్ కోట్ పెట్టినవు. డబుల్ పెడితే $peru జాగల అసలు పేరు వస్తది. సింగిల్ పెడితే ఆ అక్షరాలే పోయి డేటాబేస్‌ల పడతయ్, మెసేజ్‌ల గూడ అవే వస్తయ్."

చూడ ముచ్చటగ ఉంటదని నిన్న సాయంత్రం డబుల్ తీసి సింగిల్ తనే పెట్టిండు. గదేం బుద్ధో!

"అసలైతే పేరును కోట్ల నడుమనే ఇరికియ్యకు," అన్నది రోహిణి. "పేరు రావాల్సిన జాగల ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, పేరు విడిగ పంపు."

అట్లనే దిద్దిండు. మెసేజ్‌లు మళ్ల పోయినయ్. అమ్మాయిలు ఎక్కిన్రని పెద్దన్న చెప్పిండు.

ఊపిరి పీల్చుకునే లోపే ఓనర్ శేఖర్ వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టిండు. "పొద్దుగాల ఇంకో డ్రైవర్‌ను గూడ ఎవరూ నమ్మలేదట. అలిగి ఇంటికి పోయిండు. ఆ బండి నువ్వు తోలు నర్సింహా, నీకు అలవాటే కద."

మళ్ల స్టీరింగేనా? తప్పు తనదే, కాదనలేడు. లేచి తాళంచెవి తీసుకున్నడు.

"తోలుత సార్," అన్నడు. "గని మళ్లొచ్చి ఈ కుర్చీలనే కూసుంట."

"ముందుగాల బండి తోలిరా, ఉంచుడో పంపుడో పొద్దుమీకి చెప్త," అన్నడు శేఖర్.